పాడి పశువుల మీథేన్‌పై పరిశోధన: కొలిచే పద్ధతుల్లో మీకు ఏది సరిపోతుంది?

వెటర్నరీ కాలేజీలో యానిమల్ న్యూట్రిషన్ తీసుకుని భూమిని వేడెక్కించే వాయువైన మీథేన్ మీద థీసిస్ చేద్దామనుకునే వాళ్లకి టాపిక్ దొరకడం పెద్ద కష్టం కాదు. మునగాకు, చింతగింజ తొక్క, వెల్లుల్లి, వేప చెక్క, ఏదో ఒకటి మేతలో కలిపి ‘మీథేన్ తగ్గిందా’ అని రాసుకుంటే సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) సగం అయిపోతుంది. మిగతా సగం దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. తగ్గిందని ఎలా కొలుస్తారు? ఆ ప్రశ్న కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

ఆవు గానీ గేదె గానీ వదిలే మీథేన్ దాదాపు అంతా తేన్పులోనూ ఊపిరిలోనూ నోరు, ముక్కు గుండా బయటికి వస్తుంది. వెనక నుంచి పోయేది ఒకటి రెండు శాతమే. వార్తల్లో మాత్రం ఎప్పుడూ దాని గురించే జోకులు వేస్తారు. ఈ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. రోజంతా ఒకే తీరుగా కూడా రాదు. మేత వేశాక పెరుగుతుంది, మళ్లీ మేత వేసే ముందు బాగా తగ్గుతుంది. పొద్దున ఐదు నిమిషాలు కొలిచి 24 గంటలకి హెచ్చవేస్తే వచ్చే అంకెకి అర్థం లేదు. ఒక్కో పద్ధతి ఈ చిక్కుల్లో కొన్నిటిని విప్పుతుంది, కొన్నిటిని వదిలేస్తుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

మీ ప్రశ్న ఏ రకమో చూసుకోండి. ‘ఈ పదార్థానికి రూమెన్‌లో (మేత పులిసే, పశువు కడుపులోని మొదటి పెద్ద అరలో) మీథేన్‌ని తగ్గించే గుణం ఉందా’ అన్నది ఒక ప్రశ్న. ‘ఈ మేత తినే పశువు రోజుకి ఎన్ని గ్రాములు వదులుతోంది’ అన్నది ఇంకొకటి. ‘ఈ మందలో ఎక్కువ వదిలేది ఏది, తక్కువ వదిలేది ఏది’ అన్నది మూడోది. ఈ మూడిటికీ ఒకే పరికరం పనికిరాదు. డిపార్ట్‌మెంట్‌లో ఏ యంత్రం ఖాళీగా ఉందో చూసి దానికి తగ్గ ప్రశ్న రాసుకోవడం మన దగ్గర మామూలే. థీసిస్ పూర్తవుతుంది కానీ దాంట్లో చెప్పడానికి ఏమీ మిగలదు.

తర్వాత, ఎంత తేడా ఆశిస్తున్నారు? బోవేర్ పేరుతో అమ్మే, మేతలో కలిపే 3-నైట్రాక్సీప్రొపనాల్ పాడి ఆవుల్లో మీథేన్‌ని సుమారు 30 శాతం తగ్గిస్తుంది. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ తయారుచేసిన ‘హరిత్ ధార’తో 17 నుంచి 20 శాతం తగ్గుతుందని ఆ సంస్థ చెబుతోంది. మీరు కలిపే ఆకు పొడితో నిజం పశువులో పది శాతం తగ్గినా సంతోషించాల్సిందే. 30 శాతం తేడాని కాస్త ముతక పద్ధతి కూడా పట్టుకుంటుంది. పది శాతం పట్టాలంటే పద్ధతి ఖచ్చితంగా ఉండాలి, లేదా పశువుల సంఖ్య బాగా పెంచాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎక్కువ మంది వదిలేసేది మేత తూకం. మీథేన్‌ని మూడు రకాలుగా చెబుతారు: రోజుకి గ్రాములు, తిన్న ప్రతి కేజీ పొడి పదార్థానికి (తేమ తీసేస్తే మిగిలే మేతకి) గ్రాములు, ప్రతి కేజీ పాలకి గ్రాములు. పశువు మేత తక్కువ తింటే రోజుకి వచ్చే మీథేన్ ఎలాగూ తగ్గుతుంది. మీరు కలిపిన పొడి చేదుగా ఉండి గేదె గాబులో సగం వదిలేస్తే కూడా ‘మీథేన్ తగ్గింది’ అనే వస్తుంది. వేసిన మేత, మిగిల్చిన మేత రోజూ తూచి, తేమ శాతం చూడకుండా గొప్ప యంత్రంతో కొలిచినా ఆ అంకెని నమ్మలేం.

పాల లెక్క కూడా బొమ్మని తిరగేస్తుంది. ఉదాహరణకి రోజుకి 200 గ్రాములు వదిలి 5 కేజీల పాలిచ్చే ఆవుది కేజీ పాలకి 40 గ్రాములు. 260 గ్రాములు వదిలి 12 కేజీలిచ్చే ఆవుది 22 గ్రాములు కూడా కాదు. ఇందులో ఏది ‘మంచి ఆవు’ అన్నది మీరు ఎంచుకున్న యూనిట్‌ని బట్టి మారిపోతుంది. సినాప్సిస్‌లోనే యూనిట్ రాసేయండి. ఫలితాలు వచ్చాక యూనిట్ ఎంచుకుంటే చదివే వాళ్లకి అనుమానం వస్తుంది.

పశువు ఎలా ఉంటుందో కూడా చూడాలి. కొట్టంలో కట్టేసి ఉంటుందా, వదులుగా తిరుగుతుందా, బీడులో మేస్తుందా, చెరువులో పడుకుంటుందా? విదేశీ పరికరాలు చాలావరకు వదులుగా తిరిగే హోల్‌స్టీన్ ఆవుల కోసం తయారైనవి. ఇక డబ్బు, సమయం, జంతు నైతిక కమిటీ అనుమతి గురించి విడిగా చెప్పక్కర్లేదు. కమిటీ మీటింగ్ ఎప్పుడో ముందే కనుక్కోండి, అది వాయిదా పడితే మీ సెమిస్టర్ కూడా దానితోపాటే పోతుంది.

ఒక్క చూపులో

| పద్ధతి | ఏం చెబుతుంది | ఖర్చు | బలం | బలహీనత |
|---|---|---|---|---|
| ఇన్ విట్రో (ల్యాబులో గాజు పాత్రల్లో చేసే) గ్యాస్ పరీక్ష | మేతకి, అందులో కలిపే పదార్థానికి ఉన్న సామర్థ్యం | తక్కువ | ఒకేసారి చాలా నమూనాలు | పశువు లేదు |
| రెస్పిరేషన్ చాంబర్ | రోజుకి గ్రాములు | చాలా ఎక్కువ | అన్నిటికన్నా ఖచ్చితం | కొన్ని పశువులే, కృత్రిమ వాతావరణం |
| ఎస్‌ఎఫ్6 ట్రేసర్ | రోజుకి గ్రాములు | మధ్యస్థం | రైతు కొట్టంలోనూ బీడులోనూ కుదురుతుంది | చాకిరీ ఎక్కువ, పశువుకీ పశువుకీ తేడా ఎక్కువ |
| గ్రీన్‌ఫీడ్ | కొద్ది నిమిషాల కొలతల నుంచి రోజు సగటు | చాలా ఎక్కువ | పెద్ద మంద, ఎక్కువ రోజులు | పశువు తనంతట తాను రావాలి |
| చేతి లేజర్ | ముక్కు దగ్గర గాఢత | తక్కువ నుంచి మధ్యస్థం | ముట్టుకోకుండా కొలవచ్చు | గ్రాములు నేరుగా రావు |
| సమీకరణాల లెక్క | అంచనా | దాదాపు సున్నా | జిల్లా, రాష్ట్ర స్థాయి లెక్క | కొత్త మేత ప్రభావం కనిపించదు |

ఇన్ విట్రో: చవకే, కానీ మోసపోవడమూ తేలికే

1979లో జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో మెంకె బృందం ప్రచురించిన గ్యాస్ పరీక్షే ఇప్పటికీ మన ల్యాబుల్లో పునాది. రూమెన్ ద్రవాన్ని ఉదయం మేతకి ముందు తీసి, ఫ్లాస్కులో వేడి పోకుండా తెచ్చి, మస్లిన్ గుడ్డలో వడకట్టి, కార్బన్ డయాక్సైడ్ పట్టిస్తూ బఫర్‌తో (ఆమ్లత మారకుండా చూసే ద్రావణంతో) కలుపుతారు. గాజు సిరంజిలో 200 మిల్లీగ్రాముల మేత పొడి, 30 మిల్లీలీటర్ల ద్రవం వేసి 39 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. పిస్టన్ ఎంత జరిగిందో చూస్తే గ్యాస్ తెలుస్తుంది, అందులో మీథేన్ ఎంతో గ్యాస్ క్రోమటోగ్రఫీ (వాయువుల్ని విడదీసి కొలిచే పద్ధతి) చెబుతుంది.

ఇరవై రకాల ఆకుల్లోంచి మూడిటిని ఏరడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. ఫిస్టులా (ఆపరేషన్ చేసి రూమెన్‌లోకి పెట్టిన ద్వారం) ఉన్న పశువు లేకపోయినా కబేళా నుంచి ద్రవం తెచ్చి చేసే వాళ్లున్నారు. అయితే ఆ పశువు చివరి రోజుల్లో ఏం తిన్నదో మీకు తెలియదు, అది గుర్తుంచుకోండి.

ఇక్కడ రెండు లోపాలు పదే పదే కనిపిస్తాయి. ఒకటి, ఒకే రోజు, ఒకే ద్రవంతో ఆరు సిరంజిలు పెట్టి వాటిని ఆరు రెప్లికేట్లుగా (విడివిడిగా మళ్లీ చేసిన ప్రయోగాలుగా) లెక్కించడం. అవి ఒకే కొలతకి ఆరు నకళ్లు మాత్రమే. వేర్వేరు రోజుల్లో, వీలైతే వేర్వేరు పశువుల ద్రవంతో మళ్లీ చేసిన రన్ మాత్రమే అసలు రెప్లికేట్. రెండోది ఇంకా పెద్దది: జీర్ణమైన పదార్థం ఎంతో చెప్పకుండా మీథేన్ సగానికి తగ్గిందని రాయడం. టానిన్లు (ఆకుల్లో, తొక్కల్లో ఉండే వగరు పదార్థాలు), నూనెలు మోతాదు మించితే రూమెన్‌లోని సూక్ష్మజీవులన్నిటినీ నొక్కేస్తాయి. మీథేన్‌తో పాటు పీచు జీర్ణం కావడమూ తగ్గుతుంది. అప్పుడు రైతుకి లాభం లేదు, పేడలోకి పోయే మేత పెరుగుతుంది. జీర్ణమైన ప్రతి గ్రాముకి మీథేన్ ఎంతో చెప్పని ఇన్ విట్రో పేపర్‌ని నేను పక్కన పెట్టేస్తాను.

కృత్రిమ లాలాజలం నిరంతరం పారే రూసిటెక్ లాంటి యంత్రాలు వారాల తరబడి నడుస్తాయి కాబట్టి అలవాటు పడే ప్రభావం కొంత తెలుస్తుంది. మీ ల్యాబులో ఇప్పటికే ఉంటేనే దాని గురించి ఆలోచించండి.

రెస్పిరేషన్ చాంబర్: ప్రామాణికం, కానీ అందరికీ అందదు

పశువుని గాలి చొరని గదిలో ఉంచి, లోపలికి వెళ్లే గాలి, బయటికి వచ్చే గాలి మధ్య మీథేన్ తేడాని, గాలి ప్రవాహాన్ని కొలిచే పద్ధతి ఇది. రూమెన్ నుంచైనా వెనక నుంచైనా వచ్చిందంతా లెక్కలోకి వస్తుంది. మిగతా పద్ధతులన్నీ తమ అంకెల్ని దీనితోనే సరిపోల్చుకుంటాయి.

తెలిసినంత మీథేన్‌ని ఖాళీ గదిలోకి వదిలి, ఎంత తిరిగి కొలిచామో చూసే రికవరీ పరీక్ష చేయని చాంబర్‌ని నమ్మకండి. ఫలితం నూటికి దగ్గరగా లేకపోతే ఎక్కడో గాలి కారుతున్నట్టే. చాంబర్‌లు ఒకటి రెండే ఉంటాయి కాబట్టి సాధారణంగా లాటిన్ స్క్వేర్ డిజైన్ వాడతారు: నాలుగు పశువులు, నాలుగు మేతలు, నాలుగు దఫాలు. దఫాకి మూడు వారాలు వేసుకున్నా దాదాపు మూడు నెలలు. ఈలోగా పాడి దశ మారుతుంది, ఎండాకాలం వచ్చేస్తుంది.

గేదెలతో ఇంకో చిక్కు ఉంది. కొత్త చోటికి, కొత్త మనిషికి గేదె చేపదు. మేతా తగ్గిస్తుంది. గదికి అలవాటు చేయడానికి సమయం పెట్టకపోతే మీరు కొలిచేది బెదిరిన గేదె మీథేన్‌ని. తలని మాత్రమే పెట్టెలో ఉంచే హుడ్ పద్ధతి దీనికన్నా చవక, అయితే అది కూడా పశువుకి శిక్షణ అడుగుతుంది.

ఎస్‌ఎఫ్6: పల్లెలోకి తీసుకెళ్లగలిగిన పద్ధతి

మన పరిస్థితులకి నేను ఎక్కువ మొగ్గేది దీని వైపే, అందుకే దీని కష్టాలు కూడా వివరంగా చెబుతాను.

1994లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ బృందం దీన్ని ప్రచురించింది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ (ఎస్‌ఎఫ్6) అనే వాయువు నింపిన చిన్న లోహపు గొట్టాన్ని పశువు చేత మింగిస్తారు. రూమెన్‌లో కూర్చుని అది రోజుకి కొన్ని మిల్లీగ్రాముల చొప్పున నిలకడగా గ్యాస్ వదులుతుంది. ముక్కు దగ్గర సన్నని గొట్టం, మెడకి గాలి తీసేసిన డబ్బా కడతారు. 24 గంటల పాటు డబ్బాలోకి గాలి మెల్లగా చేరుతుంది. అందులో మీథేన్, ఎస్‌ఎఫ్6 నిష్పత్తి తెలిస్తే, ఎస్‌ఎఫ్6 ఎంత వదిలిందో ముందే తెలుసు కాబట్టి, మీథేన్ ఎంతో లెక్క తేలుతుంది. పశువు తల ఎటు తిప్పినా, గాలి ఎటు వీచినా రెండు గ్యాసులూ ఒకేలా పలచబడతాయన్నదే ఇందులోని కిటుకు.

కట్టేసిన పశువుకీ కుదురుతుంది, బీడులో మేసే పశువుకీ కుదురుతుంది. ఆనంద్‌లోని ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) సమతుల్య దాణా కార్యక్రమంలో రైతుల దగ్గరున్న పశువుల మీద కొలిచింది ఈ పద్ధతితోనే. వరిగడ్డీ తవుడూ తినే కోస్తా గేదె గురించి, జొన్న చొప్ప తినే తెలంగాణ ఆవు గురించి వాటి కొట్టంలోనే కొలవాలంటే గ్రాముల్లో జవాబిచ్చే వేరే దారి పెద్దగా లేదు.

ఇక చాకిరీ. మింగించే ముందు ప్రతి గొట్టాన్నీ 39 డిగ్రీల దగ్గర ఉంచి వారాల పాటు తూచి, అది గ్యాస్ వదిలే వేగం నిలకడగా ఉందని నిర్ధారించుకోవాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత వచ్చే ప్రతి అంకె వంకరగానే వస్తుంది. మింగించాక ఫిస్టులా లేని పశువు నుంచి దాన్ని బయటికి తీయలేరు. 24 గంటల తర్వాత డబ్బా దాదాపు సగం నిండి ఉండాలి. పూర్తిగా నిండిందంటే లీకు, అసలు నిండలేదంటే సన్నగొట్టంలో దాణా పొడో చొంగో అడ్డుపడింది. రెండూ పారేయాల్సినవే. గేదె గుంజకి మెడ రుద్దుతుంది, చెరువులో దిగితే గొట్టంలోకి నీళ్లు పోతాయి. కాబట్టి అవసరమైన దానికన్నా ఎక్కువ పశువులు, ఎక్కువ రోజులు ప్లాన్ చేసుకోండి. కొట్టంలో మామూలు గాలిని కూడా ఒక డబ్బాలో పట్టాలి, లేకపోతే పక్క గేదె తేన్పు మీ గేదె ఖాతాలో పడుతుంది.

ఇంకొకటి: ఎస్‌ఎఫ్6 కార్బన్ డయాక్సైడ్ కన్నా 23 వేల రెట్లకు పైగా వేడెక్కించే వాయువు. వాడేది మిల్లీగ్రాములే అయినా, రైతు ఒప్పుకునే ముందు ఆ గొట్టం ఏంటో, ఎంతకాలం లోపల ఉంటుందో ఆయనకి తెలుగులో చెప్పాలి. ఎస్‌ఎఫ్6ని కొలవడానికి ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ కావాలి, మీథేన్‌కి ఫ్లేమ్ అయనైజేషన్ డిటెక్టర్. రెండూ పనిచేసే క్రోమటోగ్రాఫ్ మీ క్యాంపస్‌లో ఉందో లేదో ఈరోజే కనుక్కోండి. మూల పడి ఉన్న యంత్రం ఉన్నట్టు కాదు.

గ్రీన్‌ఫీడ్

అమెరికాలోని సీ-లాక్ కంపెనీ పరికరం. ఆవు తల పెట్టగానే చెవి ట్యాగ్ చదివి కొంచెం గుళికల దాణా రాలుస్తుంది. అది తింటున్న మూడు నుంచి ఏడు నిమిషాల్లో ఫ్యాన్ దాని ఊపిరిని లాగి కొలుస్తుంది. ఒక్కో పశువుకి ఇరవై, ముప్పై సందర్శనలు, అవీ పగలూ రాత్రీ సమంగా పరుచుకున్నవి పోగైతే సగటు నిలబడుతుంది.

వదులుగా తిరిగే పెద్ద మందకి, నెలల తరబడి చేసే ప్రయోగానికి ఇది బాగుంటుంది. రెండు గేదెల్ని గుంజకి కట్టే ఇంట్లో దీనికి పనిలేదు. కట్టేసిన పశువుల దగ్గరికి యంత్రాన్నే తోసుకెళ్లి మూడు రోజుల్లో ఎనిమిది వేర్వేరు వేళల్లో కొలిచే విధానం ఉంది కానీ, ఒక విద్యార్థి జీతం లేని రాత్రి డ్యూటీగా అది మారుతుంది. గుళికల బరువుని తిన్న మేతలో కలపడం మర్చిపోవద్దు. ఒక్క థీసిస్ కోసం దీన్ని కొనమని ప్రాజెక్టులో రాయడం నాకు సమర్థనీయంగా అనిపించదు.

చేతి లేజర్

గ్యాస్ పైపుల లీకులు పట్టడానికి జపాన్‌లో తయారైన పరికరాన్ని 2009లో స్కాట్లాండ్ పరిశోధకులు ఆవుల ముక్కు వైపు తిప్పారు. మీటరు, రెండు మీటర్ల దూరం నుంచి కొన్ని నిమిషాలు గురిపెడితే, ఊపిరి చిన్న అలలుగా, తేన్పు పెద్ద శిఖరాలుగా కనిపిస్తుంది. చూడటానికి చాలా ముచ్చటగా ఉంటుంది, అదే ప్రమాదం. అది చెప్పేది గాఢత మాత్రమే. పశువు ఎంత గాలి వదిలిందో తెలియకుండా గ్రాములు రావు. సమీకరణాలతో గ్రాములుగా మార్చి రాసే పేపర్లు ఉన్నాయి, వాటిని జాగ్రత్తగా చదవండి.

ఫ్యాన్ తిరుగుతుంటే, ఫాగర్ నడుస్తుంటే, పక్క ఆవు తల ఇటు తిప్పితే అంకె మారిపోతుంది. ఒకే కొట్టంలో, ఒకే వేళల్లో, ఒకే మనిషి, ఫ్యాన్లు ఆపి, చాలా రోజులు కొలిస్తే ‘ఇది ఎక్కువ, అది తక్కువ’ అని వరుస పెట్టడానికి పనికొస్తుంది. పాలు పితికే రోబోల్లో బిగించే స్నిఫర్లదీ (ఊపిరిని పీల్చి గాఢత చూసే సెన్సర్లు) దాదాపు ఇదే కథ. రోబోలు మన దగ్గర అరుదు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

పరికరం ఏదీ లేకపోతే

లెక్క కట్టవచ్చు. వాతావరణ మార్పుపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో భారత ఉపఖండానికి ఏడాదికి పాడి ఆవుకి 58 కేజీలు, గేదెకి 55 కేజీలు అని ఒకే అంకె ఇచ్చారు. మెరుగైన పద్ధతిలో మేత నుంచి మొదలుపెడతారు. రోజుకి 10 కేజీల పొడి పదార్థం తినే ఆవు అనుకోండి. కేజీకి 18.45 మెగాజౌళ్ల చొప్పున 184.5 మెగాజౌళ్లు. అందులో 6.5 శాతం మీథేన్‌గా పోతుందనుకుంటే సుమారు 12 మెగాజౌళ్లు. దాన్ని మీథేన్ శక్తి విలువతో, అంటే కేజీకి 55.65 మెగాజౌళ్లతో, భాగిస్తే రోజుకి 215 గ్రాములు, ఏడాదికి 79 కేజీల దగ్గర. 58కీ 79కీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. అసలు మన ఆవు ఎంత తింటోందన్న సరైన సర్వే ఒక్కటే మంచి థీసిస్ అవుతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవు జాతి పశువులు 19 కోట్లకు పైగా, గేదెలు దాదాపు 11 కోట్లు. ఒక్కో పశువుకి చిన్న తేడా వచ్చినా మొత్తంలో అది పెద్దదవుతుంది.

ఎవరికి ఏది

ఎంవీఎస్సీ (వెటర్నరీ పీజీ) విద్యార్థికి చేతిలో ఉండేది నిజానికి ఒక్క ఏడాది. ఇన్ విట్రో తీసుకోండి, కానీ అక్కడితో ఆపకండి. ఏరిన ఒక్క పదార్థంతో ఆరు నుంచి ఎనిమిది పశువుల్లో మేత, జీర్ణశక్తి, పాలు చూసే చిన్న ప్రయోగం జోడించండి. మీథేన్ కొలవలేకపోయినా, పశువు ఆ మేతని తింటుందో లేదో చెప్పగలిగిన థీసిస్ ఇంకో గ్యాస్ పరీక్ష కన్నా విలువైనది.

పీహెచ్‌డీకి ఎస్‌ఎఫ్6. మొదటి ఏడాది గొట్టాలు, క్రోమటోగ్రాఫ్, ఇన్ విట్రో. రెండో ఏడాది ఫారంలో. మూడో ఏడాది రైతుల దగ్గర. ఈ పద్ధతిలో చేయి తిరిగిన ల్యాబులో, ఉదాహరణకి బెంగళూరులోని పశు పోషణ సంస్థలోనో కర్నాల్‌లోని ఎన్‌డీఆర్‌ఐలోనో (జాతీయ పాడి పరిశోధన సంస్థ), కొన్ని వారాలు కూర్చుని నేర్చుకుని రావడానికి గైడ్‌ని ఒప్పించండి. పేపర్ చదివి నేర్చుకునే పని కాదిది.

బ్రీడింగ్ వైపు వెళ్లే వాళ్లకి వందల పశువుల కొలతలు కావాలి. ఒక్కో కొలత ముతకగా ఉన్నా ఫర్వాలేదు, సంఖ్య ముఖ్యం. లేజర్‌కి న్యాయం జరిగేది ఇక్కడే. కృషి విజ్ఞాన కేంద్రాల్లో పనిచేస్తూ రైతులకి సలహా ఇవ్వాల్సిన వాళ్లు కొలత జోలికి పోకుండా, మేత తూకం, పాల తూకం పట్టుకుని కేజీ పాలకి లెక్క కట్టినా చాలు.

విదేశాల్లో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టే వాళ్లు ఆ ల్యాబ్ ఏ పరికరానికి అలవాటుపడిందో దాని పేపర్లలోనే చూడవచ్చు. న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో చాంబర్లు, అమెరికాలోని డేవిస్‌లో గ్రీన్‌ఫీడ్. ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు ‘మీ దగ్గర చాంబర్ ఉందా’ అని అడగకండి, అది వెబ్‌సైట్‌లో ఉంటుంది. మొదటి రెండేళ్లలో అందులో నాకు ఎన్ని వారాలు దొరుకుతాయి, మేత తూచడానికీ పశువుల్ని చూసుకోవడానికీ మనుషులు ఉంటారా, లేక అదీ నేనే చేసుకోవాలా అని అడగండి.